డిస్కుతో మాటలాడు డ్రైవర్లు



మన పిల్లలు కంప్యూటరులో వ్రాసిన వ్యాసము డిస్కులో నిలుచునని మీరెరుగుదురు. కాని డిస్కులను నడుపు కంట్రోలరులు ఒక్కొక్క తయారీదారువి ఒక్కొక్క తీరు. ఆ తీరెరిగి, కెర్నెల్ అను ప్రధాన ప్రోగ్రాము ఆజ్ఞలను వానికి అందజేయునదే డ్రైవరు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్సు కెర్నెల్‌లో ఈ డ్రైవర్లను ఎట్లమర్చిరో మేము నేడు విన్నవింపదలచితిమి.

ప్రతి డ్రైవరును ఆమూలాగ్రము విడిగా వ్రాసినచో ఒకే తప్పును పదిచోట్ల దిద్దవలసివచ్చును. అందుచేత స్కజీ అను డిస్కు వర్గమునకు మూడంతస్తులు కట్టిరి. పైయంతస్తు ఇది డిస్కా, టేపా, సీడీయా అన్నది చూచును. క్రిందిది కంట్రోలరు తీరును చూచును. నడిమిది అందరికిని ఉమ్మడి: జవాబు రానిచో గడువు చూచుట, మరల ప్రయత్నించుట, కడకు పరికరమును రీసెట్ చేయుట దాని పని. క్రొత్త కంట్రోలరు వచ్చినచో క్రింది భాగము మాత్రము వ్రాసిన చాలును. చక్కగా పనిచేయు డిస్కును నడుపుట ఏమంత ఘనకార్యము? పలుకని డిస్కును సంబాళించుటలోనే ఈ కట్టడము ప్రయోజనము మాకు కనబడుచున్నది.

ఇండ్లలోని ఐడీఈ డిస్కులకు వేరొక శాఖ యుండెడిది. జెఫ్ గార్జిక్ లిబ్‌ఏటాను వ్రాసి, ఆ జాతినిగూడ స్కజీ కట్టడములోనికి తెచ్చెను. లాభము మెండు, చిక్కును వచ్చినది. అంతవరకు హెచ్‌డీఏ అనబడిన డిస్కు ఎస్‌డీఏ అయినది. పాత పేరునే పట్టికలో వ్రాసియుంచుకొన్న యంత్రములు, కెర్నెల్ మార్చిన పిదప తమ డిస్కును తామే కానలేకపోయినవి. అందలి వ్రాత చెడలేదు, పేరొక్కటే మారినది! పాత ఐడీఈ శాఖను 2021లో 5.14వ కూర్పున తొలగించిరి.

అన్నిటిని ఒకే గూటిలో పెట్టలేదు సుమా. ఫ్లాష్ డిస్కులకై ఏర్పడిన ఎన్‌వీఎమ్‌ఈ పద్ధతిలో ఆజ్ఞల వరుసలు వేలకొలది యుండవచ్చును. కావున దాని డ్రైవరును స్కజీ అంతస్తుల చుట్టు త్రిప్పక, నేరుగా కెర్నెల్ బ్లాకు విభాగమునకే కలిపిరి. పలువరుసలను నడుపు ఏర్పాటు 2014లో 3.13వ కూర్పున అచటికి వచ్చినది.

ఈ డిస్కులకు పేరు మరల వేరు. పాఠశాలలో పాత డిస్కు తీసి ఇట్టిది పెట్టినపుడు, పట్టికలో ఎస్‌డీఏ అని యున్నచో పూర్వపు చిక్కే తిరిగి వచ్చును. పేరునకు బదులు ఫైలు వ్యవస్థపై నుండు గుర్తుసంఖ్యను వ్రాసినచో రాదు.