నొక్కి మాట్లాడే యాప్: ఏది తీసుకోవాలి, ఎవరు వినాలి
(సొసైటీ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈసారి రంజాన్ రేషన్ కిట్ల పంపిణీకి ఫోన్లలో వాకీటాకీ యాప్ పెట్టుకుందామని వాలంటీర్లు అడిగారు. ఏది మంచిదో చూసి చెప్పమని కమిటీ నాకు అప్పగించింది. డబ్బు ఇచ్చేది మీరు కాబట్టి మీ ముందే చెప్పడం సబబు.

మామూలు కాల్ అయితే నంబరు నొక్కాలి, అవతలివాళ్లు ఎత్తాలి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ గ్రూపు మొత్తానికీ పోతుంది గానీ, ఎవరికి వాళ్లు తెరిచి వినాలి. భుజం మీద బియ్యం బస్తా ఉన్నవాడు ఎప్పుడు తెరుస్తాడు? ఈ యాప్‌లో తెర మీద పెద్ద బటన్ ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి మాట్లాడితే, ఆ ఛానెల్‌లో ఉన్నవాళ్ల ఫోన్లలోంచి మాట దానంతటదే వినిపిస్తుంది. వేలు తీస్తే ఇంకొకరి వంతు. ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తొమ్మిదో తరగతి పిల్లల చేత నేను చేయించలేని పని ఈ బటన్ చేయిస్తోంది.

బాగా పేరున్నది జెల్లో. 2017 ఆగస్టులో హార్వీ తుపాను అమెరికాలోని హ్యూస్టన్‌ను ముంచినప్పుడు, సొంత పడవలేసుకుని వచ్చిన వాలంటీర్లు ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో ఒకరికొకరు దీంట్లోనే చెప్పుకున్నారు. మరుసటి నెల ఇర్మా తుపాను వస్తోందంటే ఫ్లోరిడా జనం విపరీతంగా దించుకున్నారు. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుందని పుకారు పుట్టింది. అలా కాదు, వైఫై గానీ మొబైల్ డేటా గానీ ఉండాల్సిందేనని చివరికి కంపెనీ వాళ్లే ప్రకటించాల్సి వచ్చింది.

ఈ మాట వరద సహాయం సంగతి ఆలోచించేవాళ్లు గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిన రోజుల్లాంటివి మళ్లీ వస్తే, టవరు పోయిన చోట ఈ యాప్ కూడా పోతుంది. దానికి రేడియో సెట్లే కావాలి. అవి కొనేటప్పుడూ జాగ్రత్త: 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకే 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు మినహాయింపు. ఆ వివరాలు లేకుండా ఆన్‌లైన్‌లో సెట్లు అమ్ముతున్నందుకు 2025 మేలో కేంద్రం పెద్ద పెద్ద అమ్మకం సైట్లకు నోటీసులిచ్చింది. చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే ఇబ్బంది మనకే.

మిగతావి తొందరగా చెబుతాను. వాక్సర్ కూడా మంచిదే, మాట దాచిపెడుతుంది, తీరిగ్గా వినొచ్చు. కాని మనకు తీరికే లేదు కదా. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో ఈ సౌకర్యం ఉంది, అది ఆఫీసు ఖాతాలున్నవాళ్లకు. బ్లూటూత్ మీద నడిచేవి ఒక హాలులో సరిపోతాయి, నాలుగు గల్లీలు దాటితే అందవు. కాబట్టి జెల్లో, అదీ ఉచితంగా వచ్చేది చాలు. నెలనెలా మనిషికింత అని కట్టే రకం కంపెనీల కోసం. మీ డబ్బు దాని మీద పెట్టొద్దని కమిటీకి రాసిచ్చాను. కొన్ని పవర్ బ్యాంకులు, మనిషికో వైరు ఇయర్‌ఫోను కొనిస్తే చాలు.

ఇయర్‌ఫోను ఎందుకంటే, అసలు విషయం అక్కడే ఉంది.

మన వాళ్లు కిట్లను చీకటి పడ్డాక ఇంటికి తీసుకెళ్లి ఇస్తారు, వరుసలో నిలబెట్టరు, ఫొటో తీయరు. ఇప్పుడు ఒక కుర్రాడు చాయ్ హోటల్ ముందు బండి ఆపాడనుకోండి. జేబులోని ఫోను ఉన్నట్టుండి "పచ్చ గేటు పక్కిల్లు, భర్త పోయినావిడ, ఇంకో కిట్ కావాలంట" అని అరిచింది. తెల్లారేసరికి బస్తీ అంతా తెలుస్తుంది. ఆవిడ వచ్చే ఏడాది తలుపు తీయదు.

అందుకని ఛానెల్‌లో పేర్లు, గుర్తులు పలకడానికి వీల్లేదు. ప్రతి ఇంటికీ ఒక నంబరు, ఆ నంబర్ల రిజిస్టరు కాగితం మీదే, గోడౌన్‌లో ఇన్‌చార్జి దగ్గర. "పదిహేడు అయింది, ఇరవైకి వెళ్తున్నా", అంతే. ఛానెల్‌కు పాస్‌వర్డ్ ఉండాలి, పంపిణీ అయిన రాత్రే దాన్ని తీసేయాలి. ఎంత పెద్ద కంపెనీ అయినా లోపాలు ఉంటాయి: 2019 జూలైలో యాపిల్ తన వాచీలోని వాకీటాకీని కొన్నాళ్లు ఆపేసింది, ఎదుటివాళ్ల ఐఫోన్‌లోంచి వాళ్లకు తెలియకుండా వినే లోపం బయటపడిందని. పేరు పలక్కపోతే విన్నవాడికీ ఏమీ దొరకదు.

ఇంకొకటి, కాస్త మొహమాటంగానే చెబుతున్నాను. గల్ఫ్‌లో ఉన్న మన దాత ఒకరు తననూ ఛానెల్‌లో చేర్చమన్నారు, అక్కడినుంచే పంపిణీ వింటానన్నారు. ఆయన ప్రేమ మీద నాకు సందేహం లేదు. కానీ వద్దనే నా సలహా. బిల్లులు, స్టాకు రిజిస్టరు, ఎన్ని కిట్లు బయటికెళ్లాయో లెక్క, మీరు ఎప్పుడడిగినా చూపించడం మా బాధ్యత. తీసుకున్నవాళ్ల ఇల్లు మాత్రం మా దగ్గర అమానత్. అది చెవితో వినే హక్కు దాతకు లేదు, సదర్ సాబ్‌కూ లేదు. ఆయనకు ఫోన్ చేసి ఇదే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇయర్‌ఫోన్ల ఖర్చు తనదన్నారు.

కుర్రాళ్లకు రెండు మాటలు. ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ను వెనకే నిద్రపుచ్చుతాయి. సెట్టింగుల్లోకి వెళ్లి ఈ ఒక్క యాప్‌కు ఆ పరిమితి తీసేయండి, లేకపోతే పిలిచినా పలకదు. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. బండి నడుపుతూ నొక్కొద్దు. వచ్చే ఆదివారం అసర్ నమాజు తర్వాత షాదీఖానాలో ట్రయల్. ఉత్త డబ్బాలతోనే, నంబర్లతోనే చేద్దాం. ఫోను నిండా చార్జింగ్ పెట్టుకుని రండి.