పాత కేలండరు వెనక రాసిన మాటలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2020 లాక్‌డౌన్‌లో మనకు మార్చి నెల పెన్షను సగమే చేతికొచ్చింది. మిగతాది ఎప్పుడొస్తుందో తెలీదు. బయటికెళ్లే వీలూ లేదు. డి.ఎ. బకాయిల లెక్కలు వేసి వేసి విసుగెత్తి, పాత కేలండరు కాగితాల వెనక మన పల్లె మాటలు రాయడం మొదలుపెట్టాను. బుగత, కంబారి, గోర్జి... నా అంతట నాకు నూరు దాటలేదు. మా ఆవిడ వంటింట్లోంచి ఒక్కొక్కటే అందిస్తుంటే మూడు వందలయ్యాయి.

ఈ పిచ్చికి గురువు గిడుగు రామమూర్తి పంతులుగారు. మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టరీ చేసి 1911లో రిటైరయ్యారు. ముఖలింగం శాసనాలు చదవడం తనంత తానే నేర్చుకున్న మనిషి. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో ఉండగా 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. నాది ఆ పక్కన పెట్టదగింది కాదు లెండి, గుమాస్తా పని.

ఆగిన పెన్షను తర్వాత వచ్చింది. మా ఆవిడ నిరుడు కాలం చేసింది. కల్లం పనిముట్ల పేజీ తను చెప్తానన్నది, సగంలో ఉంది. మీ ఇళ్లలో పెద్దవాళ్లనడిగి ఆ మాటలు రాసివ్వండి.