కాలదోషము పట్టిన బాకీ

బాకీ తీర్చి, ప్రోనోటు చింపించి ఇల్లు చేరుట మన తెలుగునాట చిరకాలముగా నున్న ఆచారము. కొంత తీర్చినచో నోటు వెనుక చెల్లు వ్రాయించుకొందుము. మూడేండ్లలో ఋణదాత దావా వేయనిచో ఆ బాకీకి కాలదోషము పట్టినదందుము. ఈ పాత లెక్కనే చాలమంది నేటి బ్యాంకు అప్పులకును అన్వయించుకొని, నాలుగేండ్ల క్రిందటి క్రెడిట్ కార్డు బాకీ ఈపాటికి చెరిగిపోయి యుండునని నిశ్చింతగా నుందురు. కుమార్తె చదువునకై ఋణము కోరి, తండ్రి తానును సంతకము చేయబోవునప్పుడు ఆ బాకీ బయటపడును, ఋణము ఆగిపోవును. అందుచే ఏది చెరుగును, ఏది చెరగదు అను విషయమును కొంత విచారింతము.

నేడు మన అప్పుల చరిత్ర అప్పిచ్చిన బ్యాంకు వద్ద మాత్రమే లేదు. 2000 సంవత్సరమున సిబిల్ అను సంస్థ ఏర్పడినది. 2005 లో పార్లమెంటు ఇట్టి సంస్థల నియంత్రణకు చట్టము చేసినది. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలకును బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమ ఖాతాదారుల చెల్లింపుల వివరములను పంపుచున్నవి. వానిని బట్టి 300 మొదలు 900 వరకు ఒక అంకె ఏర్పడును. దానినే జనులు సిబిల్ స్కోరు అందురు.

మన విశాఖపట్నము నెలజీతముపై పెరిగిన నగరము. 1933 లో ఓడరేవు ప్రారంభమైనది. 1941 లో నౌకానిర్మాణశాలకును, 1971 లో ఉక్కు కర్మాగారమునకును శంకుస్థాపనలు జరిగినవి. స్థిరమైన జీతము గలవారికి గృహఋణము, వాహనఋణము సులభముగా దొరకును. అయితే జీతము తప్పినప్పుడు వాయిదా తప్పుటయు అంతే సులభము. 2024 లో ఉక్కు కర్మాగారపు ఉద్యోగులకు జీతములు ఆలస్యముగను, విడతలుగను అందినవి. 2025 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆ సంస్థకు 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించినది. సంస్థ కష్టమునకు అట్లొక ఆధారము దొరకినది. కాని జీతము రానందున వాయిదా తప్పిన ఉద్యోగి చరిత్రలో ఆలస్యమైన దినముల సంఖ్య మాత్రమే నిలుచును. ఆలస్యమునకు కారణము అందు కనిపించదు.

ఇక కాలదోషమనగా నేమి? 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము సామాన్యముగా మూడేండ్లు దాటిన బాకీకై దావా వేయుటకు వీలులేదు. అంతమాత్రమున బాకీ లేకుండపోదు. న్యాయస్థానపు ద్వారము మూయబడును గాని ఋణము ఋణముగనే యుండునని సుప్రీంకోర్టు ఏనాడో స్పష్టము చేసినది. అమెరికాలో 1970 నాటి చట్టము ప్రకారము చాలవరకు పాత బాకీలను ఏడేండ్ల పిమ్మట నివేదికలో చూపరాదు. మన నియమములు సమాచారమును కనీసము ఏడేండ్లు భద్రపరచవలెనని చెప్పుచున్నవి. ఆ ఏడేండ్లు కనీసపు గడువు. తుడిచివేతకు గడువు కాదు. ఈ భేదమును మనము మరువరాదు.

చరిత్రలోని మచ్చలు రెండు విధములు: అబద్ధపువి, నిజమైనవి.

తీర్చిన అప్పు ఇంకను ఉన్నట్లు కనబడుట, అదే పేరు గల మరియొకని బాకీ మన ఖాతాలో చేరుట మొదలగునవి అబద్ధపు మచ్చలు. వీనిని తొలగింపజేసికొనుట మన హక్కు. ఏడాదికొకసారి నాలుగు సంస్థలును పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెను. అందు తప్పు కనిపించినచో రశీదులు జతపరచి ఆ సంస్థకు గాని, అప్పిచ్చిన బ్యాంకునకు గాని ఫిర్యాదు చేయవలెను. బ్యాంకు ధ్రువపరుపనిదే సంస్థ దానిని మార్చజాలదు. 30 దినములలో పరిష్కారము కానిచో, ఆపై ప్రతిదినమునకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు పరిహారము చెల్లింపవలెనను నిబంధన 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనికి వచ్చినది. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. దానికి రుసుము లేదు.

నిజమైన మచ్చకు మార్గము చెల్లింపు ఒక్కటే. ఇచ్చట ఒక మెలకువ కావలెను. బ్యాంకువారు కొంత తగ్గించి, మిగిలినది కట్టుమన్నచో ఆ ఖాతాకు 'సెటిల్డ్' అని వ్రాయుదురు; పూర్తిగా కట్టినచో 'క్లోజ్డ్' అని వ్రాయుదురు. మొదటిది చూచిన కొత్త బ్యాంకు, ఇతడు పూర్తి బాకీ తీర్చలేదని గ్రహించును. 'రిటెన్ ఆఫ్' అనగా బాకీ మాఫీ అయినదని అర్థము కాదు. బ్యాంకు తన లెక్కలలో నష్టము క్రింద చూపుకొన్నదని మాత్రమే. స్తోమత గలవారు పూర్తిగా తీర్చి, బాకీ లేదను పత్రమును తీసికొని భద్రపరచుట మేలు. స్తోమత లేనివారికి తగ్గింపు ఒప్పందమును తప్పుకాదు. అయితే దాని ఫలితము తెలిసి చేసికొనవలెను. మూడేండ్లు పూర్తికాక పూర్వము బాకీని ఒప్పుకొనుచు వ్రాతమూలముగా సంతకము చేసినచో గడువు మరల మొదలగును గనుక, ఏ కాగితమైనను చదివియే సంతకము చేయవలెను.

సొమ్ము ముట్టజెప్పినచో సిబిల్‌ను బాగుచేసెదమని చెప్పువారు నగరమున కానవచ్చుచున్నారు. అబద్ధపు మచ్చను వారు తీయించగలిగినచో మనమును ఉచితముగా తీయించుకొనగలము. నిజమైన మచ్చను వారును తీయలేరు.

తోటి ఉద్యోగికి జామీను ఉన్నవారు మరింత జాగ్రత్త వహింపవలెను. అతని బాకీ వీరి చరిత్రలోను కనబడును. సిబిల్ నివేదికలో నెలవారీ చెల్లింపుల వివరము 36 నెలల వరకు చూపబడును. నేటినుండి సకాలమున కట్టు ప్రతి వాయిదాయు ఆ వరుసలో చేరి, పాత నెలలను వెనుకకు నెట్టుచుండును. 2025 జనవరి నుండి బ్యాంకులు కనీసము పక్షమునకొకసారి వివరములను పంపవలసియున్నవి గనుక, మన చెల్లింపు పూర్వముకంటె త్వరగా లెక్కకు వచ్చును. ఇంటిపన్ను రశీదుతోపాటు ఈ నివేదికను కూడ ఏడాదికొకసారి చూచుకొను అలవాటు ప్రతి గృహస్థునకు అవసరము. పిల్లల చదువునకు ఋణము కోరు సమయము వచ్చువరకు ఆగుట క్షేమము కాదు.