వాగు లోతు చెప్పే ఫొటో



మా పుట్టినూరు ఆకేరు వాగు ఒడ్డున ఉన్నది. చిన్నప్పుడు ఎండాకాలంలో ఇసుకలో మూరెడు లోతు చెలమ తీస్తే చాలు, తియ్యటి నీళ్లు ఊరేవి. మొన్న పోయి చూస్తే అదే చోట బండ తేలి ఉన్నది. "ఇసుక ఎంత పోయిందిరా?" అని తమ్ముణ్ణి అడిగితే, "మస్తు పోయిందక్కా" అన్నాడు. మస్తు అంటే ఎంత? కొలత లేని నష్టాన్ని ఎవరి ముందు పెట్టగలం?

ఆ కొలత ఇప్పుడు కెమెరాతో తీస్తున్నారు. ఒక కన్ను మూసుకొని సూదిలో దారం ఎక్కించి చూడండి, తడుముకోవలసి వస్తుంది. రెండు కళ్లూ రెండు చోట్ల నుంచి చూస్తేనే దూరం, లోతు సరిగా తెలుస్తాయి. ఈ పద్ధతీ అంతే. కొంచెం కొంచెం జరుగుతూ, ఒక ఫొటోలో పడిన నేల సగానికి పైగా తర్వాతి దాంట్లోనూ పడేలా వాగు అడుగును తీస్తారు. ఒకే గులకరాయి ఏ ఫొటోలో ఎక్కడున్నదో కంప్యూటరు పోల్చుకొని ఎత్తుపల్లాల పటం తయారు చేస్తుంది. పక్కన కొలతకర్ర ఉండాలి. కదలని బండనో, వంతెన గోడనో ఆనవాలు పెట్టుకోవాలి. వానలకు ముందొకసారి, వరద తగ్గాక ఒకసారి తీసి, ఒక పటంలోంచి ఇంకొకటి తీసివేస్తే కోత ఎంత, మేట ఎంత తేలిపోతుంది. 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున అడుగు అర మీటరు దిగిందంటే 1000 ఘనపు మీటర్ల ఇసుక పోయినట్టే!

బురదనీళ్లలో కెమెరాకు ఏమీ కనపడదు. తేటనీళ్లూ మోసం చేస్తాయి. పైనుంచి నిటారుగా చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగులే అనిపిస్తుంది. అందుకని వాగు ఎండినప్పుడు తీయడమే మేలు.

ఇదంతా మనకెందుకంటారా? ఇసుక పోతే ఒడ్డు బావుల్లో నీళ్లు దిగిపోతాయి. వంతెన కాళ్ల కింద నేల కరుగుతుంది. తవ్విన గుంతల్లో పిల్లలు మునుగుతారు. 2023 జూలై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాల కింది కంకరనే ఊడ్చుకుపోయింది. నీటి బలం అటువంటిది.

మీ ఊళ్లో బతుకమ్మను సాగనంపే రేవు ఉంటుంది గదా. ఉగాదికొకసారి, సంక్రాంతికొకసారి అక్కడే నిలబడి, అదే బండ కనపడేలా, పక్కన కొలతకర్ర పెట్టి పిల్లల ఫోనుతో ఒక ఫొటో తీయించండి. తారీఖు రాసి దాచండి. ఇంజనీర్ల పటమంత నికరంగా ఉండదు గానీ, రేపు గ్రామసభలో "మస్తు పోయింది" అనకుండా, "ఇదిగో, ఇంత పోయింది" అని చూపించవచ్చు.

సెలవు.