కథోలిక పాఠశాలలో మన పిల్లలు: బోధ, విశ్వాసం, సమ్మతి

(విజయనగరంలో ముస్లిం విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

మొన్న జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి నన్ను మసీదు మెట్ల దగ్గర ఆపాడు. "మాస్టారూ, మా పిల్ల కంచం ముందు కూర్చుని నుదుటి మీదా, గుండె మీదా, భుజాల మీదా చెయ్యి పెట్టుకుంటోంది. బడి మాన్పించీమంటారా?" అని అడిగాడు. పిల్ల ఆరో తరగతి. చదువుతున్నది మఠకన్యలు నడిపే పాఠశాల. అప్పటికప్పుడు నేను జవాబు చెప్పలేదు. ఈనాటి ప్రసంగం ఆ జవాబే అనుకోండి.

ముందుగా ఆ బడులు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవాలి. ఫ్రాన్సిస్ ద సాల్స్ సభకు చెందిన గురువులు అన్సీ పట్టణం నుండి 1846లో విశాఖపట్నం చేరారు. మరుసటి ఏడాదే సెయింట్ అలోషియస్ పాఠశాల వెలసింది. 1849లో అదే అన్సీ నుండి సెయింట్ జోసఫ్ సభ మఠకన్యలు వచ్చారు. మన రెండు జిల్లాలూ చాలాకాలం విశాఖ మేత్రాసనంలోనే ఉండి, 1993 జులై 1న శ్రీకాకుళం మేత్రాసనంగా వేరుపడ్డాయి. ఇక్కడ కథోలికుల సంఖ్య స్వల్పం. మన సంఖ్య కూడా నూటికి ఒక్కరికి తక్కువే. వారి బడులలో కూర్చునే పిల్లలలో అధికభాగం హిందువుల బిడ్డలు. అంటే, అల్పసంఖ్యాకుల బడిలో చదువుతున్న మరొక అల్పసంఖ్యాకుల పిల్ల ఆ ఆరో తరగతి అమ్మాయి. మన చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఆ బడిలో మతబోధ ఎలా జరుగుతుంది? మనలో చాలామందికి తెలియదు, తెలుసుకోవాలని అడగం కూడా. కథోలిక విద్యార్థులకు సత్యోపదేశం అనే తరగతి వేరుగా ఉంటుంది. మిగిలిన పిల్లలు ఆ గంటలో నీతిబోధ చదువుతారు. సత్యోపదేశం బడితో ముగియదు. ఆదివారం విచారణ దేవాలయంలోనూ సాగుతుంది. వయసుకు తగిన పాఠాలు, వాటికి తగిన మెట్లు ఉంటాయి. చిన్నతనంలో మొదటి దివ్యసత్ప్రసాదం, కొంత ఎదిగాక భద్రమైన అభ్యంగనం. అక్టోబరు వస్తే జపమాల మాసం, ఈస్టరుకు ముందు తపస్సుకాలం. ఇవన్నీ ఆ పిల్లవాడి ఏడాదిని కొలిచే గుర్తులు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడిగా ఒక మాట అంటాను, కోపగించుకోకండి. మన మక్తబులలో ఇంత క్రమం నేను చూడలేదు. మన పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కుని ఖుర్ఆన్ పారాయణం పూర్తి చేస్తే మిఠాయి పంచుతాం. చదివినదానికి అర్థమేమిటని ఎవరూ అడగరు.

ఇది నాకు అనుభవం నేర్పిన మాట. నేనూ అటువంటి బడిలోనే చదివాను. సత్యోపదేశం గంటలో మమ్మల్ని వేరే గదికి పంపేవారు. ఒకనాడు నీతిబోధ చెప్పే సిస్టర్, మరియమాత బొమ్మ కింద నిలబడి, "మీ గ్రంథంలో ఈమె పేరిట ఒక అధ్యాయం ఉందట కదా, అందులో ఏముందో చెప్పు బాబూ" అని అడిగారు. నిజమే, ఖుర్ఆన్‌లో పంతొమ్మిదో అధ్యాయం సూరా మర్యమ్. దానిని నేను ధారాళంగా చదవగలను. కానీ ఖర్జూరపు చెట్టు కింద ఆ తల్లి పడ్డ ప్రసవవేదన గానీ, ఊయలలోని శిశువు పలికిన మాట గానీ అందులో ఉన్నాయని ఆనాడు నాకు తెలియదు. తల దించుకున్నాను. ఆ సిస్టర్ నన్ను అవమానించలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి మా నానమ్మను అడిగితే, ఆమె వంట ఆపి, కథ మొత్తం చెప్పింది. పరాయి మతం బడి వల్ల నా విశ్వాసం పోలేదు, అందులోకి నేను మొదటిసారి తొంగి చూశాను.

అలాగని ప్రతి పిల్లకూ అటువంటి నానమ్మ ఉంటుందని నమ్మి కూర్చోలేం. అందుకే చట్టం మాట చెబుతాను. రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ ఇష్టమైన విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకొనే హక్కు ఇచ్చింది. అది కథోలికులదీ, మనదీ. అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కళాశాల వ్యాజ్యంలో 1974లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పును ఈనాటికీ మన కళాశాలల వకీళ్ళు చేతపట్టుకుంటారు. అలీగఢ్ విశ్వవిద్యాలయం విషయంలో 1967 నాటి తీర్పును 2024 నవంబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 ఆధిక్యంతో తోసిపుచ్చింది. ఈ హక్కు వారి విషయంలో సన్నబడితే మన విషయంలోనూ సన్నబడుతుంది.

అయితే అదే రాజ్యాంగంలో 28వ అధికరణం మూడవ ఖండం కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ పొందిన విద్యాసంస్థలో, సమ్మతి లేనిదే ఎవరినీ మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కమ్మని నిర్బంధించరాదు. మైనరు అయితే సంరక్షకుని సమ్మతి కావాలి. ప్రవేశపత్రం మీద సంతకం పెట్టేటప్పుడు దానిని మీలో ఎంతమంది చదివారు? చేతులెత్తమని అడగను లెండి.

1986లో కేరళ నుండి వచ్చిన బిజో ఇమ్మాన్యుయేల్ వ్యాజ్యం కూడా గుర్తుంచుకోదగినది. జాతీయగీతం పాడుతున్నప్పుడు యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు గౌరవంగా లేచి నిలబడ్డారు, కానీ గొంతు కలపలేదు. బడి వారిని వెళ్ళగొట్టింది. సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకొమ్మన్నది. ఉదయపు ప్రార్థనలో మన పిల్ల ఎలా ఉండాలో దీనినిబట్టి చెప్పవచ్చు. లేచి నిలబడాలి, నిశ్శబ్దంగా ఉండాలి, ఎవరినీ వెక్కిరించకూడదు.

ఇక తలమీద ఓణీ సంగతి. ఇది మీ అందరి మనసులోనూ ఉన్నదని నాకు తెలుసు. తిరువనంతపురంలోని ఒక కథోలిక పాఠశాలలో తలగుడ్డకూ నిండు చేతుల చొక్కాకూ అనుమతి కోరిన ముస్లిం విద్యార్థినుల విషయంలో, 2018 డిసెంబరులో కేరళ హైకోర్టు, విద్యార్థి వ్యక్తిగత హక్కు కంటే సంస్థ హక్కుకే ప్రాధాన్యం ఇచ్చింది. తీర్పు రాసినది ముస్లిం న్యాయమూర్తే. నాకు ఆ తీర్పు నచ్చలేదు. తలమీద గుడ్డ వేసుకున్నంత మాత్రాన ఒక బడి కథోలిక స్వభావం చెదిరిపోతుందని నేను అనుకోను. కానీ ఆ తీర్పు నిలిచి ఉన్నంతకాలం మనం కోరగలిగినది అనుమతి. దానిని మర్యాదగా, రాతపూర్వకంగా కోరాలి.

ఎందుకు ఇంతగా నొక్కి చెబుతున్నానంటే, 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గర జరిగినది మీరు పత్రికల్లో చదివే ఉంటారు. హనుమాన్ దీక్షావస్త్రాలతో వచ్చిన విద్యార్థుల విషయమై వివాదం రేగి, గుంపు కథోలిక పాఠశాల మీద పడి, అద్దాలు పగులగొట్టి, మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్ళు రువ్వింది. ఆ పిల్లలూ వస్త్రం గురించే వచ్చారు, మన పిల్లలూ వస్త్రం గురించే వెళతారు. ఒక బడి ఇద్దరికీ ఒకే మాట చెప్పాలి. ఇద్దరికీ కొంత వెసులుబాటు ఇస్తే నేను సంతోషిస్తాను. అయితే మనం వెళ్ళేది ఇద్దరం ముగ్గురం, చేతిలో ఒక కాగితంతో.

అలాగే ఆ తండ్రిని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. ప్రధానోపాధ్యాయిని సిస్టర్ ఓపికగా విన్నారు. "సిలువ గుర్తు వేయమని మేము ఇతర మతాల పిల్లలకు చెప్పమండీ. పక్కన కూర్చునే స్నేహితురాలిని చూసి నేర్చుకుని ఉంటుంది" అన్నారు. తరువాత ఆయనవైపు తిరిగి, "మీ ఇంట్లో అన్నం ముందు ఏమంటారు?" అని అడిగారు. "బిస్మిల్లాహ్" అన్నాడాయన. "పైకే అంటారా?" ఆయన మాట్లాడలేదు.

ఆమె మాట నమ్మడానికి నాకు ఇంకో ఆధారం ఉంది. ఇతర మతాలవారిలో సత్యమైనదానిని తాము తిరస్కరించబోమని చెప్పి, ముస్లిములను గౌరవంతో ప్రస్తావించిన వాటికన్ మహాసభ ప్రకటన, కథోలిక విద్యపై ప్రకటన రెండూ ఒకేరోజు, 1965 అక్టోబరు 28న వెలువడ్డాయి. 2024లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య విద్యావిభాగం తమ బడులకు ఇచ్చిన సూచనలలో, ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలను రుద్దవద్దనీ, ఉదయం సమావేశంలో రాజ్యాంగ పీఠికను చదివించాలనీ ఉంది. ఏ బడిలోనైనా ఇందుకు విరుద్ధంగా జరిగితే ముందు వారికి వారి సూచననే చూపండి, ఆ తరువాతే 28వ అధికరణం.

ద్వారం దగ్గర ఒక లేఖ నమూనా ఉంచాం. మా బిడ్డ సత్యోపదేశానికీ, దివ్యబలిపూజకూ హాజరు కాదని, నీతిబోధకు సంతోషంగా హాజరవుతుందని, రంజాన్‌లో ఉపవాసం ఉన్న రోజుల్లో ఆటల గంట నుంచి మినహాయింపు ఇవ్వమని అందులో ఉంది. పేరూ తరగతీ నింపి, ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి. ఆదివారం ఉదయం మక్తబులో సూరా మర్యమ్‌ను తెలుగు అర్థంతో చెప్పే బాధ్యత నేను తీసుకున్నాను. మొదటివారం పిల్లలతోపాటు ఆ తండ్రి కూడా వస్తానన్నాడు. మగ్రిబ్ వేళ అవుతున్నది, సెలవు.