బడి సంగతి బడిపంతుల్ని అడగండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను పదో తరగతి పాసయ్యేటప్పటికి మన సంఘానికి రెండు మూడేళ్ల వయసు. ఇవాళ దానికి యాభై నిండాయి. నాకు అరవై దాటాయి.

కార్యదర్శి ఫోన్ చేసి "అన్నా, నువ్వు ముప్పై ఆరేండ్లు బడిల పనిజేసినవు, విద్యా విధానం మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నాడు. విధానం అనే మాట వినగానే నాకు నవ్వొచ్చింది. 1984లో ఉద్యోగంలో చేరి 2020లో దిగిపోయేదాకా నేను చాలా విధానాల్ని అమలు చేశాను. వాటి గురించి ముందుగా నన్ను అడిగిన సందర్భాలు ఒక చేతి వేళ్లకు సరిపోవు. ఆ కొద్ది సందర్భాల గురించే ముందు చెబుతాను.

నేను ఎస్జీబీటీగా ఎల్లారెడ్డి వైపు పనిచేస్తున్న రోజుల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. ఏపీపెప్ అనేవాళ్లం. ఆ శిక్షణలో మాకు ఆరు సూత్రాలు నేర్పారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఊళ్లో దొరికే వస్తువులతో పాఠం చెప్పాలి, పిల్లలు గీసినవి రాసినవి గోడకు కట్టాలి, ఇట్లా. సూత్రాల కంటే నాకు గుర్తున్నది టీచర్ సెంటర్. చుట్టుపక్కల బళ్ల పంతుళ్లం ఒకచోట కూడేవాళ్లం. ఒకాయన చింతగింజలతో తీసివేత ఎట్లా చెప్పాడో చూపించేవాడు. ఇంకొకాయన "అది మా తండా పిల్లలకు నడువది, వాళ్లింట్ల మాట్లాడేది లంబాడి భాష, నేను ముందు వాళ్ల మాట నేర్చుకున్న" అనేవాడు. వాదన జరిగేది. టీ చల్లారిపోయేది. చదువు గురించి పంతుళ్లు పంతుళ్లతో మాట్లాడుకోవడం నేను మొదటిసారి చూసింది అక్కడే. కొన్నేళ్లకు ఆ కూడిక సర్క్యులర్లు చదివి వినిపించే సమావేశం అయింది. పై నుంచి వచ్చిన కాయితం చదవడం, కింది నుంచి వివరాలు పట్టుకుపోవడం. నెలకోసారి హాజరు వేసుకుని ఇంటికి పోయేవాళ్లం. స్కూల్ కాంప్లెక్సు అన్న ఆలోచన 1964–66 నాటి కొఠారీ కమిషన్‌ది. దగ్గర దగ్గరి బళ్లు ఒకదానికొకటి ఆసరాగా ఉండాలని ఆ కమిషన్ చెప్పింది. మేం దాన్ని పోస్టాఫీసు చేసుకున్నాం.

రెండో సందర్భం పాఠ్యపుస్తకాలది. 2011లో రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తయారయ్యాక 2012 నుంచి కొత్త పుస్తకాలు వచ్చాయి. మీ పిల్లల పుస్తకాలు ఇంకా ఇంట్లో ఉంటే మొదటి పేజీలు తెరవండి. రచయితల పేర్ల పక్కన "ఎస్.ఏ., జడ్.పి.హెచ్.ఎస్." అని, ఏదో ఒక పల్లె పేరుతో కనబడుతుంది. బడిలో పాఠం చెప్పేవాళ్లే పుస్తకం రాశారు. అందులో తప్పులు లేవని కాదు, ఉన్నాయి. కానీ తప్పు కనబడ్డప్పుడు "రాసినాయనకు ఫోన్ చేద్దాం" అనుకోగలిగాం. అది చిన్న సంగతేమీ కాదు.

అడగకుండా జరిగినవాటికి మాత్రం లెక్కలేదు. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొత్త జిల్లాలకు ఉద్యోగులను పంచారు. పాత నిజామాబాద్ జిల్లా పంతుళ్లు కొందరు ఇటు, కొందరు అటు. ధర్నాలయ్యాయి. తర్వాత మంత్రివర్గ ఉపసంఘం వేసి బాధలు విన్నారు. వినడం ముందే జరిగి ఉంటే బాగుండేది. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు ప్రాథమిక పాఠశాలల పంతుళ్లను పెట్టి బళ్లను ఒంటిపూట చేశారు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప పంతుళ్లకు వేరే పని పెట్టవద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. సర్వే అవసరమా కాదా అన్నది వేరే చర్చ. ఒకటో తరగతి పిల్లవాడికి ఆ పూటలు ఎట్లా తిరిగొస్తాయని మాత్రం పంతుళ్లను ఎవరూ అడిగినట్టు లేదు.

"మీకు మండలిలో సీటుంది కదా" అంటారు. ఉంది. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం మండలి సభ్యుల్లో పన్నెండో వంతును ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. తెలంగాణలో అవి మూడు స్థానాలు. మనది మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ నియోజకవర్గం, మొన్న 2025 ఫిబ్రవరి 27న ఓట్లు వేశారు. అయితే ఆ ఓటు సెకండరీ స్థాయికి తగ్గని బళ్లలో కనీసం మూడేళ్లు పనిచేసినవాళ్లకే. నేను ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే, 1985లో, మండలి రద్దయింది. 2007లో మళ్లీ వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను కాబట్టి నాకు ఓటొచ్చింది. మా ఆవిడ తండా బడిలో ఒకటో తరగతికి అఆలు నేర్పేది, ఆమెకు రాలేదు. "పునాది వేసేటోళ్లం టీచర్లం కాదా?" అని ఆ రోజు నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

సంఘాల సంగతీ దాచను. నేనూ సంఘం సభ్యుణ్ణే. పీఆర్సీ కోసం, డీఏ కోసం, బదిలీల కోసం రోడ్డెక్కాను. అవి న్యాయమైనవే. కానీ నాలుగో తరగతి గణితం పిల్లలకు ఎందుకు ఎక్కడం లేదని మేము ఏ కలెక్టరేట్ ముందూ కూర్చోలేదు. విద్యా విధానం రూపొందించేటప్పుడు ఉపాధ్యాయ సంఘాలకు చోటుండాలని 1966 అక్టోబరు 5న యునెస్కో, ఐఎల్ఓ సిఫారసు చేశాయి. ఆ తారీఖునే ఇప్పుడు ప్రపంచ ఉపాధ్యాయ దినంగా జరుపుతున్నారు. చోటు అడిగేవాడి దగ్గర చెప్పేందుకు మాట కూడా ఉండాలి కదా.

ఈ మాట ఎందుకంటున్నానంటే, నా దగ్గర మాట ఉండీ నోరు విప్పని రోజొకటుంది. ఇన్నేళ్లూ బయట చెప్పలేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఎల్లారెడ్డి వైపు ఒక మండలంలో నేను కాంప్లెక్స్ హెడ్మాస్టరును. హేతుబద్ధీకరణ పేరుతో పిల్లలు తక్కువున్న బళ్లను పక్క ఊరి బళ్లలో కలపడానికి లెక్కలు తీస్తున్నారు. నా కింద ఒక తండా బడి ఉంది. రిజిస్టరులో 26 మంది. జనవరిలో తనిఖీకి వచ్చిన రోజు గదిలో కూర్చున్నది తొమ్మిది మంది. ఎందుకు తొమ్మిది మందో ఆ బడి టీచరమ్మకు తెలుసు, నాకూ తెలుసు. దసరా దాటగానే తండాలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. చెరుకు నరకడానికి పోతారు, వెంట పిల్లలూ పోతారు. హోళీకి తిరిగొస్తారు. జూలైలో వచ్చి చూస్తే గదిలో కాలు పెట్టే చోటుండదు.

టీచరమ్మ రెండు పేజీల కాయితం రాసి తెచ్చింది. ఏ నెలలో ఎంతమంది బడికి వస్తారో మూడేళ్ల లెక్క. పక్క ఊరి బడి కిలోమీటరున్నరే గానీ మధ్యలో వాగుందని. వలస నెలల్లో పిల్లల్ని తండాలోనే ఆపడానికి సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టల్‌కు వీలుందని కూడా రాసింది. నాకే తెలియని సంగతి అది. "మీరు మీటింగుల చెప్పుండ్రి సార్, నేను జెప్తె ఎవరింటరు?" అంది.

సమావేశంలో బళ్ల పేర్లు వరసగా చదివారు. ఆ తండా పేరు వచ్చింది. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగారు కూడా. చూడండి, అడిగారు. కాయితం నా సంచిలో ఉంది. బదిలీల కాలం. నేను కామారెడ్డికి దగ్గరగా రావాలని కోరుకుంటున్నాను. ఇప్పుడు లేచి ఎందుకు కళ్లలో పడాలి అనుకున్నాను. అర నిమిషం కూడా ఆగలేదు, తర్వాతి పేరుకు పోయారు.

జూన్‌లో బడి కలిసిపోయింది. మగపిల్లలు చాలావరకు వాగు దాటారు. వానలు ముదిరాక నలుగురు ఆడపిల్లలు మానేశారు. ఒకమ్మాయి తర్వాత కస్తూర్బాలో చేరిందని విన్నాను. ఇంకో అమ్మాయి మొన్నీమధ్య ఎల్లారెడ్డి బస్టాండులో కనిపించింది. చంకలో బిడ్డ. గుర్తుపట్టి "నమస్తే సార్" అంది. నేను బస్సు ఎక్కేశాను.

ప్రభుత్వ విధానాన్ని బయట విమర్శించకూడదని మాకు ప్రవర్తనా నియమాలున్నాయి. వాటి చాటున దాక్కోవడం సులువు. కానీ మీటింగులో లెక్క చూపించడం విమర్శ కాదు, అది నా పని. ఇక్కడున్న కొలువు పంతుళ్లకు నేను చెప్పేది అంతే. చెప్పేది కాయితం మీద పెట్టండి, నెలలతో, సంఖ్యలతో, ఆ టీచరమ్మలాగా. ఒక్కరు లేవలేకపోతే నలుగురు సంతకం పెట్టండి. 2024లో ఆకునూరి మురళి గారి అధ్యక్షతన రాష్ట్ర విద్యా కమిషన్ వేశారు. అలాంటిచోటికి కామారెడ్డి జిల్లా పంతుళ్ల నుంచి ఎన్ని కాయితాలు పోయాయో మనల్ని మనం అడగాలి.

ఇక మన సంఘం. ఒక ఊళ్లో, పేరొద్దు, పూర్వ విద్యార్థులు ప్రేమతో ఆరు కంప్యూటర్లు ఇచ్చారు. ఫొటోలు దిగారు. ఆ గది కప్పు కురుస్తుందని, ముందు ఆడపిల్లల మూత్రశాలకు నీళ్లు కావాలని అక్కడి టీచర్లకు తెలుసు. ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. దాతల ముందు చిన్నబోతామని మొహమాటం. కంప్యూటర్లు బీరువాలో ఉన్నాయి.

స్వర్ణోత్సవ నిధి అని ఇవాళ ప్రకటించారు, సంతోషం. అది ఖర్చు పెట్టేముందు బడిలో ఇప్పుడు పనిచేస్తున్న పంతుళ్లను ముగ్గురిని కార్యవర్గంలో కూర్చోబెట్టండి. ఆ ముగ్గురినీ మనం ఎంపిక చేయవద్దు, హెడ్మాస్టరూ చేయవద్దు, స్టాఫ్‌రూమ్ ఎన్నుకోనివ్వండి. అందులో ఒకరు పక్కనున్న ప్రాథమిక పాఠశాల నుంచి రావాలి. మా ఆవిడ ప్రశ్నకు నేను చేయగలిగింది ఇంతే.

టీచరమ్మ రాసిన ఆ రెండు పేజీలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఇవాళ తెచ్చాను. పేర్లు కొట్టేసి జిరాక్సు తీయించి అధ్యక్షుల వారికి ఇస్తున్నాను. ఒక పంతులు కాయితం ఎట్లా ఉండాలో చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. భోజనాలు పెట్టేశారని సైగ చేస్తున్నారు, నేను దిగుతాను.