కోడింగ్ రాకపోయినా హ్యాకథాన్‌లో గెలవొచ్చా? ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ హ్యాకథాన్ అసలు కథ

ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఇది. "అన్నా, నాది మెకానికల్, కోడింగ్ అంతంతమాత్రం. మా కాలేజీలో ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ హ్యాకథాన్ అని పోస్టర్ పెట్టారు. వెళ్ళనా, వద్దా?"

వెళ్ళు తమ్ముడూ. చెల్లెమ్మా, నువ్వు కూడా వెళ్ళు. కాకపోతే అక్కడ ఏం చూస్తారో తెలుసుకుని వెళ్ళండి. ఈరోజు మన టాపిక్ అదే.

ముందు తేడా చూద్దాం. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మీకు తెలుసు కదా, 2017 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. అలాంటి చోట మీరు పనిచేసేది ఒకటి కట్టి చూపించాలి. ప్రొడక్ట్ హ్యాకథాన్‌లో అలా కాదు. ఒక సమస్య ఇస్తారు. ఆ సమస్య ఎవరిది, ఎందుకు వస్తోంది, ముందుగా ఏం కట్టాలి, అది పనిచేసిందని ఎలా తెలుస్తుంది, ఈ నాలుగూ మీరు చెప్పాలి. చేతిలో ఉండేది కొన్ని స్లైడ్లు, ఫిగ్మాలో గీసిన నాలుగైదు స్క్రీన్లు. అంతే.

ఈ ఉద్యోగం పుట్టిందే సాఫ్ట్‌వేర్‌లో కాదు. 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో పనిచేసే నీల్ మెకెల్‌రాయ్ అనే కుర్రాడు కంపెనీకి ఒక మెమో రాశాడు. ఒక్కో బ్రాండ్‌కి ఒక్కో మనిషి పూర్తి బాధ్యత తీసుకోవాలి, అమ్మకాలు ఎక్కడ తగ్గాయో స్వయంగా వెళ్ళి చూడాలి అన్నది దాని సారాంశం. అప్పుడు ఆయన చూస్తున్నది కామే అనే సబ్బు. అంటే ఈ పనికి మూలం కోడ్ కాదు, బయటికి వెళ్ళి కనుక్కోవడం.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. హ్యాకథాన్‌లో మీకు ఈ సమస్య వచ్చిందనుకోండి: "60 ఏళ్ళు దాటినవాళ్ళు యూపీఐ ఎక్కువగా వాడేలా ఒక ప్రొడక్ట్ డిజైన్ చేయండి."

చాలా టీములు ఏం చేస్తాయో తెలుసా? వెంటనే లాప్‌టాప్ తెరుస్తాయి. పెద్ద అక్షరాలు, వాయిస్ అసిస్టెంట్, ముఖం చూసి గుర్తుపట్టడం, ఏఐ చాట్‌బాట్... పది ఫీచర్లు, ఇరవై స్లైడ్లు. ఈ రోజుల్లో చాట్‌జీపీటీని అడిగితే ఆ పది ఫీచర్లూ పది సెకన్లలో ఇస్తుంది. పక్క టీముకీ అవే ఇస్తుంది. జడ్జి కూర్చున్న చోట నుంచి చూస్తే అన్నీ ఒకే టీము చేసినట్టు ఉంటాయి.

మరి మీరేం చేయాలి? లాప్‌టాప్ మూసి, వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఒక గంట నిలబడండి. పెద్దవాళ్ళతో మాట్లాడండి. ఎలా అడుగుతారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. "అమ్మా, ఇలాంటి యాప్ చేస్తే వాడతారా?" అని అడిగారనుకోండి, "వాడతాం నాయనా, ఎందుకు వాడం" అంటారు. అది జవాబు కాదు, మర్యాద. పిల్లల మనసు నొప్పించడం ఎందుకులే అని చెప్పే మాట. దాని బదులు, "ఆఖరిసారి ఫోన్‌తో డబ్బులు ఎప్పుడు కట్టారమ్మా? అప్పుడేం జరిగింది?" అని అడగండి. జరిగిపోయిన పని గురించి అడిగితే నిజం బయటికొస్తుంది. రాబ్ ఫిట్జ్‌పాట్రిక్ రాసిన 'ద మామ్ టెస్ట్' అనే చిన్న పుస్తకం మొత్తం ఈ విషయం మీదే ఉంటుంది, వీలైతే చదవండి.

అలా అడిగితే ఒకావిడ ఇలా చెప్పిందనుకుందాం. "నాకు అక్షరాలు కనపడతాయి బాబూ. నా ఖాతాలో డబ్బులెక్కడివి? మావాడు హైదరాబాద్ నుంచి పంపిస్తాడు. కొట్లో సామాన్లు తీసుకుని వాడికి ఫోన్ చేస్తా, వాడు అక్కడి నుంచి కొడతాడు. వాడు మీటింగ్‌లో ఉంటే నేను ఇక్కడ నిలబడే ఉండాలి."

చూశారా? సమస్య మొత్తం మారిపోయింది. పెద్ద అక్షరాలతో దీనికి పనిలేదు. డబ్బు ఒకరి దగ్గర, అవసరం ఇంకొకరి దగ్గర ఉంది. ఇది ఊహ కాదు, ఇలాంటి అవసరానికే 2024లో ఎన్‌పీసీఐ 'యూపీఐ సర్కిల్' తెచ్చింది. కొడుకు తన ఖాతా నుంచి ఖర్చుపెట్టే అధికారం తల్లికి ఇవ్వొచ్చు. నెలకి 15,000 రూపాయల లోపు లిమిట్ పెట్టొచ్చు. లేదంటే ప్రతి పేమెంట్‌కీ తనే ఓకే చెప్పేలా కూడా పెట్టుకోవచ్చు.

"అయితే ఆల్రెడీ ఉంది కదన్నా, ఇంకేం చేస్తాం?" అంటారా? మీ పని ఇక్కడే మొదలవుతుంది. అది ఉందని ఆ కొట్టు దగ్గర ఎంతమందికి తెలుసు? కొడుకు హైదరాబాద్‌లో, అమ్మ ఊళ్ళో ఉంటే సెట్ చేసేది ఎవరు? "ఎక్కువ ఖర్చుపెడితే వాడు చూస్తాడేమో" అని అమ్మ మొహమాటపడితే? ఈ మూడింట్లో ఒక్కటి పట్టుకోండి. ఒక్కటే! మిగతా రెండూ ఎందుకు వదిలేశారో ఒక స్లైడ్‌లో చెప్పండి. ఏది వదిలేయాలో తెలిసిన టీము జడ్జికి గుర్తుంటుంది.

తర్వాత కొలత, అంటే మెట్రిక్. "లక్ష డౌన్‌లోడ్స్ వస్తాయి" అని రాయకండి. డౌన్‌లోడ్ చేసి వదిలేసిన యాప్స్ మీ ఫోన్‌లోనే ఎన్ని ఉన్నాయో చూడండి. మన ఉదాహరణలో అయితే, "మొదలుపెట్టిన నెలలో కొడుక్కి ఫోన్ చేయకుండా కనీసం మూడుసార్లు కట్టిన అమ్మలు ఎంతమంది?" అనేది పనికొచ్చే కొలత. దాని పక్కనే ఇంకోటి పెట్టండి: "పొరపాటు పేమెంట్లు, మోసాల ఫిర్యాదులు పెరగకూడదు." ఒకటి పెంచబోయి ఇంకోటి పాడుచేయట్లేదని చూపించాలి కదా.

ఇక టైమ్. రెండు రోజుల హ్యాకథాన్ అయితే మొదటి రోజు మధ్యాహ్నం దాకా మనుషులతో మాట్లాడటమే. సాయంత్రానికి సమస్యని ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాకపోతే స్క్రీన్లు మొదలుపెట్టొద్దు. రాత్రికి స్క్రీన్లు, రెండో రోజు పొద్దున స్లైడ్లు. చివరి రెండు గంటలు ప్రాక్టీస్‌కి మాత్రమే. రంగులు మార్చడం ఆపేయండి.

టీములో నలుగురూ సీఎస్ఈ వాళ్ళే వద్దు. బాగా మాట్లాడించేవాళ్ళు ఒకరు, లెక్కలు చూసేవాళ్ళు ఒకరు, డిజైన్ చేసేవాళ్ళు ఒకరు ఉండాలి. నాలుగో మనిషి పని ప్రతిదానికీ "ఎందుకు?" అని అడగడం.

జడ్జిలు అడిగే ప్రశ్నలు చాలావరకు ముందే ఊహించొచ్చు. ఎవరితో మాట్లాడారు? ఇదే ఎందుకు ముందు? రేపు ఒక పెద్ద కంపెనీ ఇదే పెడితే? మీ ఐడియా తప్పని ఏది చూస్తే ఒప్పుకుంటారు? ఆఖరి ప్రశ్నకి జవాబు రాసి పెట్టుకోండి. దాని దగ్గరే ఎక్కువమంది తడబడతారు.

నాకు ఇంగ్లిష్ రాదు, మాది చిన్న ఊరు అని ఆగిపోయేవాళ్ళకి ఒక మాట. ఆ కొట్టు దగ్గరావిడ తన ఇబ్బంది ఇంగ్లిష్‌లో చెప్పదు. ఆమె మాట అర్థం చేసుకోగలిగింది మీరు. గ్లాస్ బిల్డింగ్‌లో కూర్చున్నవాళ్ళు డబ్బులిచ్చి సర్వేలు చేయించుకునే సమాచారం మీకు ఇంటిపక్కనే దొరుకుతుంది. స్లైడ్లలో ఇంగ్లిష్ సింపుల్‌గా ఉన్నా సరిపోతుంది. ఆమె చెప్పిన మాట మాత్రం ఉన్నదున్నట్టు పెట్టండి.

జాగ్రత్తలు రెండు. రిజిస్ట్రేషన్ ఫీజు ఎక్కువ అడిగి, గెలిస్తే జాబ్ గ్యారంటీ అంటే దూరంగా ఉండండి. ఇంకోటి, రూల్స్‌లో మీ ఐడియా మీద హక్కు ఎవరిదని రాశారో చదివాకే సబ్మిట్ చేయండి.

సర్టిఫికెట్ ఒక్కదానితో ఉద్యోగం రాదు, ఆ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఇంటర్వ్యూలో "ఒక సమస్య ఎలా సాల్వ్ చేశావో చెప్పు" అంటే చెప్పడానికి మీకు ఒక నిజమైన కథ ఉంటుంది. ప్రైజ్ రాకపోయినా ఆ కథ మీదే.

సరే ఫ్రెండ్స్, ఈ వారం మీకు చిన్న హోమ్‌వర్క్. ఇంట్లో అమ్మమ్మనో, తాతయ్యనో, పక్కింటి అంకుల్‌నో పట్టుకుని, "ఫోన్‌లో ఏ పనికి మీరు ఇంకొకర్ని పిలుస్తారు?" అని అడగండి. మధ్యలో అడ్డుపడకుండా వినండి. వాళ్ళేం చెప్పారో కింద కామెంట్‌లో రాయండి. అందులోంచి ఒక సమస్య తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో మనం కలిసి పని చేద్దాం. ఉంటాను, బై!